అమ్మ ముడుపు, బిడ్డ లెక్క
(మీ ఉత్తరాలకు టీచరమ్మ జవాబులు)

ప్రశ్న: మేడం గారికి నమస్కారం. నాకు 26 ఏళ్లు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మాది హనుమకొండ దగ్గర పల్లె. పోయిన వానాకాలం మా తమ్ముడికి డెంగీ వచ్చింది. ప్లేట్‌లెట్లు 18 వేలకు పడిపోయి, ఐదు రోజులు ఐసీయూలో ఉన్నాడు. 2 లక్షల 80 వేల బిల్లు నేనే కట్టాను. వాడు బాగై ఇంటికొచ్చాడు. అమ్మ మాత్రం సమ్మక్క తల్లే కాపాడిందంటుంది. వాడి నిలువెత్తు బంగారం మేడారంలో ఇస్తానని ఐసీయూ బయట మొక్కుకుందట. అక్కడ బంగారమంటే బెల్లం. 61 కిలోల బెల్లం! పసుపు గుడ్డలో రూపాయి బిళ్ల కట్టి కొంగుకు ముడేసుకుంది, చీర మారినప్పుడల్లా ఆ ముడుపు కూడా మారుతోంది. నాకు కోపమొచ్చి, "కాపాడింది డాక్టర్లు. వాడు పోయి ఉంటే అప్పుడేమనేదానివి?" అన్నాను. ఆ రోజు నుంచి అమ్మ నాతో సరిగ్గా మాట్లాడటం లేదు. ఇప్పుడు మేడారానికి తోడు రమ్మంటోంది. నమ్మకం లేకుండా వెళ్తే నటన కాదా? అసలు రుజువు లేనిదాన్ని నమ్మడమంటే తనను తాను మోసం చేసుకోవడం కాదా?
– ఒక పాఠకురాలు

జవాబు: బిడ్డా, ముందు నీతో ఒప్పుకునే మాట చెప్తాను. నీ తమ్ముణ్ని బతికించింది వైద్యమే. ఎవరి సంతోషం కోసమూ నువ్వు ఆ మాట వదులుకోనక్కర్లేదు. 34 ఏళ్లు జిల్లా పరిషత్ బడుల్లో ఫిజికల్ సైన్స్ చెప్పినదాన్ని, వదులుకోమని చెప్పడానికి నాకు నోరు రాదు.

అయితే ఆ వైద్యం ఎలాంటిదో ఒకసారి తలుచుకో. డెంగీ వైరస్‌ను చంపే మందు ఇప్పటికీ లేదు. ఆ జబ్బు ముదిరితే రక్తనాళాల్లోంచి నీరు బయటికి ఊరిపోతుంది. జ్వరం దిగింది, గండం గడిచింది అని ఇంట్లోవాళ్లు అనుకునే రోజుల్లోనే అసలు గండం మొదలవుతుంది. సెలైన్ తక్కువైతే బీపీ పడిపోతుంది, ఎక్కువైతే ఆ నీరు ఊపిరితిత్తుల దగ్గర చేరుతుంది. అందుకని గంటగంటకూ బీపీ చూస్తూ, మూత్రం కొలుస్తూ, ఎంత ఎక్కించాలో లెక్క కడుతూ ఆ ఒకటి రెండు రోజులు దాటిస్తారు. ఆ తర్వాత ప్లేట్‌లెట్లు వాటంతటవే పెరుగుతాయి. ఒడ్డు చేరేదాకా పిల్లాణ్ని మునగకుండా పట్టుకోవడం, అదే ఆ వైద్యం.

లోపల డ్యూటీ నర్సుకు చేతినిండా పని. నీకూ పని ఉంది. రిపోర్టులు ఫోన్లో చూసుకోవడం, ప్లేట్‌లెట్లు ఇచ్చేవాళ్ల కోసం స్నేహితులకు మెసేజ్‌లు పెట్టడం, బిల్లు కౌంటర్ దగ్గర నిలబడటం. మీ అమ్మకు ఏం పని ఉంది చెప్పు. పూటకు పది నిమిషాలు లోపలికి పోనిస్తారు, మిగతా పొద్దంతా, రాత్రంతా ఆ ఇనుప కుర్చీలోనే. ఆ పిల్లాడికి నీళ్లు పోసి, అన్నం కలిపి, తల దువ్విన చేతులు ఊరికే ఒళ్లో పడి ఉన్నాయి. పసుపు గుడ్డ, రూపాయి బిళ్ల, ఆ ముడి... ఆ రాత్రి ఆమె చేతులకు దొరికిన పని అదొక్కటే. రుజువేదని నువ్వు అడుగుతున్నావు. తెల్లారేదాకా ఎట్లా కూర్చోవాలన్నది ఆమె ముందున్న ప్రశ్న. నీ ప్రశ్నకు జవాబు రక్తపరీక్షలో దొరుకుతుంది. ఆమె ప్రశ్నకు ఏ ల్యాబులోనూ దొరకదు.

ఇంకొకటి. మీ అమ్మ ఎవరికి మొక్కిందో చూడు. నువ్వు హనుమకొండ దిక్కు పిల్లవు, కథ నీకు తెలిసే ఉంటుంది. కరువొచ్చి జనం కప్పం కట్టలేకపోతే కాకతీయ సైన్యం మీదికి వచ్చింది. సమ్మక్క మొగుడు పగిడిద్దరాజు పోయాడు. కూతురు సారలమ్మ పోయింది. అల్లుడు గోవిందరాజు పోయాడు. కొడుకు జంపన్న సంపెంగ వాగులో పడి ప్రాణం విడిచాడు. నువ్వు రేపు మేడారంలో కాళ్లు కడుక్కునే జంపన్న వాగు అదే. చివరికి సమ్మక్క గాయాలతో చిలకలగుట్ట ఎక్కి కనిపించకుండా పోయింది, వెతుకుతూ వెళ్లినవాళ్లకు పుట్ట దగ్గర కుంకుమ భరిణె దొరికింది. జనం చెప్పుకునే కథ ఇది. ఈ కథలో ఆమె గెలవలేదు. కొడుకును కాపాడుకోలేకపోయిన తల్లి ఆమె. ఐసీయూ బయట కూర్చున్న మీ అమ్మకు ఆమె గుర్తుకొచ్చింది. ఏ వరమైనా ఇవ్వగల దేవుడు దొరక్క ఆమెకు మొక్కిందనుకుంటున్నావా? ఆ కడుపుకోత తెలిసిన మనిషి కాబట్టి మొక్కింది. మీ అమ్మను అడిగితే ఈ మాట ఇట్లా చెప్పలేకపోవచ్చు. నేను మా అవ్వ (మా అమ్మను అట్లాగే పిలిచేదాన్ని) వెంట ఎడ్లబండి మీద చిన్నప్పుడు రెండుసార్లు, పెద్దయ్యాక బస్సుల మీద ఎన్నోసార్లు పోయాను. గద్దెల దగ్గర ఏడ్చే ఆడవాళ్ల మాటలు విన్నాను. "అవ్వా, నీకు తెల్వదా" అంటారు. అది అడుక్కోవడం కాదు, ఒక తల్లి ఇంకో తల్లికి తన బాధ చెప్పుకోవడం.

అక్కడ విగ్రహం ఉండదని నీకు తెలుసు. వెదురు, గద్దె, పసుపు కుంకుమలు, అంతే. కోయ పూజారులు చిలకలగుట్ట మీది నుంచి ఆ భరిణె దించుకుని వస్తుంటే పోలీసు అధికారి గాలిలోకి తుపాకీ పేల్చి స్వాగతం చెబుతాడు. లక్షల మంది ఒక్కసారి నిశ్శబ్దమై, మరుక్షణం హోరెత్తుతారు. నేను అక్కడ నిలబడి ఇదేం తర్కమని ఆలోచించలేకపోయాను. ఆలోచన ఆగిందని నాకు సిగ్గేమీ లేదు. ఇంటికొచ్చాక మళ్లీ ఆలోచించాను, ఇప్పటికీ ఆలోచిస్తూనే ఉన్నాను.

ఇక నీ మాట. "వాడు పోయి ఉంటే అప్పుడేమనేదానివి?" బిడ్డా, ఆ ప్రశ్నకు జవాబు నాకు తెలుసు. మా ఇంట్లోనే చూశాను.

1971 వానాకాలం. నాకు 14, మా తమ్ముడికి 9. ఇద్దరం నేల మీద బొంత పరుచుకుని పడుకున్నాం. రాత్రి రెండింటప్పుడు వాడు కడుపునొప్పి అని లేచాడు. అవ్వ వాము నీళ్లు తాగించింది. కాసేపటికి "అక్కా, కండ్లు తెరుస్తలేవు" అన్నాడు. రెప్పలు వాలిపోతున్నాయి. బుడ్డి దీపం దగ్గర పెట్టి ఒళ్లంతా వెతికితే చెవి వెనక రెండు చుక్కలు, ముల్లు గుచ్చుకున్నంత. కట్లపాము. అది కరిస్తే నిద్రలో ఉన్నవాడికి తెలియను కూడా తెలియదు. వాపుండదు, నొప్పుండదు. విషం నరాలకెక్కి ముందు రెప్పలు, తర్వాత గొంతు, చివరికి ఊపిరి తీసే కండరాలు పనిచేయడం మానేస్తాయి. ఇదంతా నేను చాలా ఏళ్ల తర్వాత పుస్తకాల్లో చదువుకున్నాను. ఆ రాత్రి మాకు తెలిసింది ఒక్కటే, ఊళ్లో మంత్రం వేసే పెద్దాయన ఉన్నాడు. నాయిన వాణ్ని భుజాన వేసుకుని అక్కడికి పరుగెత్తాడు. ఆయన వేపమండతో తల నుంచి పాదాల దాకా దించుతూ కూర్చున్నాడు. వరంగల్‌కు మొదటి బస్సు పొద్దున ఆరున్నరకు. ఆ బస్సు రాకముందే తమ్ముడి ఊపిరి ఆగింది.

అవ్వ రోజూ సాయంత్రం గూట్లో దీపం పెట్టేది. మైల రోజులు అయిపోయిన మరుసటి సాయంత్రం మళ్లీ కుంది కడిగి, ఒత్తి వేసి వెలిగించింది. నాకు ఒళ్లు మండిపోయింది. నువ్వు మీ అమ్మను అడిగిన మాట లాంటిదే నేనూ అరిచాను. "ఏం చేసిండు నీ దేవుడు? ఎవరికి పెడుతున్నవ్ దీపం?" అవ్వ మాట్లాడలేదు. నూనె సీసా మూత బిగించి లోపలికి పోయింది. ఇరవై ఏళ్ల తర్వాత, నాకు ఇద్దరు పిల్లలు పుట్టాక, చింతపండు గింజలు తీస్తూ తనంతట తానే అన్నది: "ఆ పొద్దు నేను దండం పెట్టలే బిడ్డా. ఒత్తి ఎలిగించి ఊకున్న. దండం పెట్టెతందుకు ఏడాది పట్టింది."

ఆ ఏడాదంతా ఆమె ఎవరికి దీపం పెట్టిందో నాకు తెలియదు. పెట్టడం మాత్రం మానలేదు. నమ్మకమంటే రుజువు లేని ఒక విషయాన్ని నిజమని ఒప్పుకోవడం అని నీ ఉత్తరంలో అనుకున్నావు. నేనూ అట్లాగే అనుకునేదాన్ని. అవ్వను చూశాక ఆ అర్థం నాకు సరిపోలేదు. ఆమె దేన్నీ ఒప్పుకోలేదు, ఏ వాదనా గెలవలేదు. దేవుడు తనకు న్యాయం చేశాడని ఒక్కసారి కూడా అనలేదు. సాయంత్రమైతే ఒత్తి వెలిగించింది.

కాబట్టి మేడారానికి పో. నమ్ముతున్నానని అక్కడ ఎవరికీ చెప్పకు, అడిగితే "అమ్మ మొక్కు, నేను తోడొచ్చిన" అను. అది నిజమే కదా, నటన ఎక్కడుంది? జాతర నాలుగు రోజుల తొక్కిసలాట వద్దనుకుంటే ముందే పోండి, గద్దెలు ఎప్పుడూ అక్కడే ఉంటాయి, చాలామంది అట్లాగే పోతారు. తూకం దగ్గర నీ తమ్ముణ్ని కూర్చోబెట్టినప్పుడు మీ అమ్మ ముఖం చూడు, బెల్లం ధర తర్వాత చూసుకోవచ్చు. అప్పు చేసి తీర్చే మొక్కయితే, ఇంకొకరి కడుపు కొట్టే మొక్కయితే నేను వద్దనేదాన్ని. ఇది మూడు నాలుగు వేల బెల్లం. ప్రసాదంగా తెచ్చుకున్న బంగారంలో ఒక గడ్డ తీసుకుని ఆ ఐసీయూకు పో. గంటగంటకూ నీ తమ్ముడి మూత్రం కొలిచిన నర్సు చేతిలో, మీ అమ్మ చేతుల మీదుగా పెట్టించు. మీ అమ్మ కాదనదు. నువ్వు అన్న ఆ మాటకు మాత్రం ఆమె దగ్గర క్షమాపణ అడుగు. బస్సులోనే అడుగు, ఇంటికొచ్చేదాకా ఆగకు.

ప్రశ్న: మా పాపకు 8 ఏళ్లు. రెండేళ్ల కింద ఫిట్స్ మొదలయ్యాయి. డాక్టరు మాత్రలు రాశారు. ఏడాదిగా ఒక్కసారి కూడా రాలేదు. ఈ మధ్య మా అత్తమ్మ పాపను ఒక దర్గాకు తీసుకెళ్లి తాయత్తు కట్టించింది. "ఇక మాత్రలు ఆపు, నమ్మకం లేకుంటే తాయత్తు పనిచేయదు" అని రోజూ గొడవ. మా ఆయన ఎటూ చెప్పడం లేదు. ఏం చేయను?
– ఒక తల్లి, కరీంనగర్ జిల్లా

జవాబు: అమ్మా, తాయత్తు ఉండనివ్వు. మాత్ర ఒక్క పూట కూడా ఆపకు.

పాపకు ఏడాదిగా ఫిట్స్ రాలేదంటే ఆ మాత్రలు పనిచేస్తున్నాయి కాబట్టే. తాయత్తు కట్టింది ఈ మధ్య, ఫిట్స్ ఆగింది ఏడాది కింద. ఈ తేదీలు రెండూ మీ అత్తమ్మ ముందు పెట్టు, కోపం లేకుండా. హఠాత్తుగా ఆపితే ఫిట్స్ మునుపటికంటే గట్టిగా, ఆగకుండా వచ్చే ప్రమాదముంది. మామూలుగా కనీసం రెండేళ్లు ఒక్క ఫిట్ కూడా లేకుండా గడిచాకే డాక్టర్లు మాత్రలు ఆపడం గురించి ఆలోచిస్తారు. అప్పుడు కూడా నెలల తరబడి కొంచెం కొంచెంగా తగ్గిస్తారు. ఆ నిర్ణయం డాక్టరుదే. దర్గాలో కట్టినా, గుడిలో కట్టినా, చర్చిలో ప్రార్థన చేయించినా ఇదే మాట చెప్తాను.

ఒకవేళ ఎప్పుడైనా వస్తే చేతిలో తాళంచెవులు పెట్టొద్దు, ఉల్లిగడ్డ వాసన చూపించొద్దు, నోట్లో చెంచా, బట్ట ఏదీ కుక్కొద్దు. పక్కకు తిప్పి పడుకోబెట్టి, తల కింద మెత్తటిది పెట్టి, గడియారం చూడు. ఐదు నిమిషాలు దాటితే ఆసుపత్రికి.

పై ఉత్తరానికి జవాబులో మా తమ్ముడి సంగతి రాశాను. అక్కడ చెప్పనిది ఒకటి ఇక్కడ చెప్పాలి. ఆ మంత్రం వేసిన పెద్దాయన మోసగాడు కాదు. ఎవరి దగ్గరా పైసా తీసుకునేవాడు కాదు. ఆ తెల్లవారుజామున మా నాయిన కంటే ఎక్కువ ఆయనే ఏడ్చాడు. తన మంత్రం మీద ఆయనకు నిజంగా నమ్మకం. ఎందుకుండదు? ఆయన దగ్గరికి వచ్చినవాళ్లలో ఎక్కువమంది బతికారు మరి. మన పొలాల్లో తిరిగే పాముల్లో చాలావాటికి విషం లేదు. విషమున్న పాము కరిచినా ఒక్కోసారి విషం ఎక్కదు. ఆ బతికినవాళ్లందరూ మంత్రం ఖాతాలో పడ్డారు. పోయినవాళ్లను తలరాత ఖాతాలో వేశారు. రెండు ఖాతాలూ పక్కపక్కన పెట్టి ఎవరూ కూడలేదు. నేను తొమ్మిదో తరగతి పిల్లలకు ప్రయోగం పాఠం చెప్పినప్పుడల్లా ఈ రెండు ఖాతాలూ బోర్డు మీద గీసేదాన్ని, తమ్ముడి పేరు చెప్పకుండా.

ఎంత చిత్తశుద్ధితో నమ్మినా పాము విషం దిగదు. మూర్ఛ ఆగదు. కొలిచి చూడగల విషయం ఏదైనా సరే కొలిచే చూడాలి. అక్కడ నమ్మకాన్ని ముందుకు తోస్తే నష్టపోయేది నమ్మినవాళ్లు కూడా కాదు, ఏమీ తెలియని 8 ఏళ్ల పిల్ల.

మా అవ్వ అదే చేసింది. దీపం మానలేదు, కానీ ఆ తర్వాత మా వాడలో ఎవరికి పాము కుట్టినా అందరికంటే ముందు తనే చెప్పులేసుకుని బయల్దేరేది. మంత్రం దిక్కు పోతున్నవాళ్లకు వీధి మధ్యలో అడ్డం నిలబడి "బండి కట్టుండ్రి, పట్నం దవాఖానకు పోవాలె" అని కేకలేసేది. మా ఊరి నుంచి అట్లా ముగ్గురిని పంపింది. ఇద్దరు బతికారు.

మీ అత్తమ్మ పాప మీద ప్రేమతోనే చేస్తోంది, సందేహం లేదు. ఆమెను పక్కకు నెట్టకు. రాత్రి మాత్ర వేసే పని ఆమెకే అప్పగించు. మాత్రల స్ట్రిప్ ఆమె దగ్గరే ఉండనివ్వు, ఎన్ని మిగిలాయో నువ్వు రోజూ లెక్క చూసుకో. ఈసారి డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఆమెనూ తీసుకెళ్లి ఆమె ముందే అడుగు: తాయత్తు ఉండొచ్చా, మాత్ర ఆపొచ్చా? మీ ఆయన్ను కూడా కూర్చోబెట్టు. ఇంట్లో పిల్ల ప్రాణం సంగతి వచ్చినప్పుడు ఎటూ చెప్పకపోవడమంటే మాత్రలు ఆపమన్నవాళ్ల పక్షం చేరడమే. ఈ వాక్యం ఆయనతో చదివించు.

ప్రశ్న: నేను డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. దేవుడు లేడని నాకు అనిపించి ఇంట్లో చెప్పేశాను. "దేవుడి భయం లేనివాడికి నీతి ఉండదు" అని నాన్న మాట్లాడటం మానేశారు. నమ్మకం లేనంత మాత్రాన నేను చెడ్డవాణ్నా?
– ఒక విద్యార్థి, గుంటూరు

జవాబు: కాదు బాబూ. మీ నాన్నగారికి గోరా గారి సంగతి చెప్పు. గోపరాజు రామచంద్రరావు. మీ కృష్ణా తీరంలోనే, 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టారు, 1947లో దాన్ని విజయవాడకు మార్చారు. వృక్షశాస్త్రం చెప్పే అధ్యాపకుడు. దేవుణ్ని నమ్మనని బాహాటంగా చెప్పినందుకు కాలేజీ ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. భార్య సరస్వతి గోరా గారితో కలిసి జీవితమంతా అంటరానితనం మీద పోరాడారు. దేవుడి పేరు రోజూ తలిచే గాంధీ గారికి ఆయన ఆప్తుడు. గోరా తన పెద్ద కూతుర్ని దళిత యువకుడికి ఇచ్చి పెళ్లి చేయాలనుకుంటే, సేవాగ్రామ్‌లో తాను దగ్గరుండి జరిపిస్తానన్నారు గాంధీ. పెళ్లి తంతులో దేవుడి పేరు ఉంటే గోరా ఒప్పుకోరు కదా. ఆ చోట సత్యం పేరు పెడదామన్నది గాంధీ గారే. 1948 జనవరిలో గాంధీని చంపేశారు. మార్చిలో ఆ పెళ్లి సేవాగ్రామ్‌లోనే జరిగింది.

దేవుడే సత్యమని చాలాకాలం చెప్పిన గాంధీ, తర్వాత సత్యమే దేవుడు అనడం మొదలుపెట్టారు. ఆ మాట దగ్గర నాస్తికుడూ నిలబడగలడని ఆయనకు తెలుసు. నీతి దేవుడి భయంతోనే వస్తుందంటే, గుడికి పోయి వచ్చి వడ్డీకి వడ్డీ గుంజేవాణ్ని ఏమనాలి? మీ నాన్నగారు కూడా అట్లాంటివాళ్లను చూసే ఉంటారు.

నీకు చెప్పేది కూడా ఒకటుంది. మీ నాన్నగారు సంధ్య వార్చుకుంటున్నప్పుడు ఫోన్లో పెద్దగా మాట్లాడకు. ప్రసాదం పెడితే చేయి చాపు, అది కూడా తిండే. వాదన అడిగినప్పుడు పెట్టుకో. మీ నాన్న మాట్లాడటం మానేశారు, నువ్వు మానకు. ఇంటికి ఫోన్ చేసినప్పుడల్లా నాన్నకు ఇవ్వమని అడుగు.

ప్రశ్న: మన పూర్వీకులు పెట్టిన ప్రతి ఆచారం వెనకా సైన్స్ ఉంది. గంట మోగిస్తే క్రిములు చస్తాయి, బొట్టు పెడితే నాడులు ఉత్తేజితమవుతాయి. సైన్స్ టీచరై ఉండి మీరు ఇవి ఎందుకు రాయరు?
– రిటైర్డ్ ఉద్యోగి, రాజమహేంద్రవరం

జవాబు: నిజమని నాకు తెలియనివి రాయలేనండీ. ధ్వని పాఠం కొన్ని వందల సార్లు చెప్పాను. గుడి గంట విని మీ మనసు కుదుటపడుతుందంటే నేను ఒప్పుకుంటాను, అది మీ అనుభవం. క్రిములు చస్తాయంటే మాత్రం, గంట ముందు ఎన్ని ఉన్నాయి, తర్వాత ఎన్ని ఉన్నాయి, గంట కొట్టని గదిలో ఎన్ని ఉన్నాయి, లెక్క చూపించాలి. అది చూపించకుండా సైన్స్ పేరు వాడుకుంటే సైన్స్‌కు అన్యాయం.

భక్తికి కూడా అన్యాయమే అంటాను. మొసలి నోట్లో కాలున్న గజేంద్రుడి చేత పోతన గారు ఏమనిపించారు? "కలడు కలండనెడువాడు కలడో లేడో" అని. మొరపెట్టుకుంటూనే, ఉన్నాడో లేడో అని అనుమానం. ఆ అనుమానాన్ని ఆయన దాచలేదు, కొట్టివేయలేదు, పద్యంలోనే ఉంచారు. తెలుగువాళ్లు ఐదు వందల ఏళ్లుగా దాన్ని భక్తి పద్యంగానే పిల్లలకు నేర్పుతున్నారు. ల్యాబు సర్టిఫికెట్ లేకుండా ఇంతకాలం నిలిచినదానికి ఇప్పుడు దొంగ సర్టిఫికెట్ ఎందుకండీ? మీరు బొట్టు పెట్టుకునేది నాడుల కోసం కాదు. మీ అమ్మగారు పెట్టారు కాబట్టి, పెట్టుకోకపోతే ముఖం బోసిగా ఉంటుంది కాబట్టి, పూజ మొదలైందని మీకే ఒక గుర్తు కాబట్టి. ఆ కారణాలు చాలవా?

ప్రశ్న: ఇన్ని చెప్తారు, మరి మీరు దేవుణ్ని నమ్ముతారా, నమ్మరా? సూటిగా చెప్పండి.
– ఖమ్మం నుంచి ఒక పాఠకుడు

జవాబు: అవ్వ పోయి 12 ఏళ్లయింది. ఆమె ఇత్తడి కుంది నా దగ్గరుంది. అడుగున సొట్ట పడింది, ఒక పక్కకు ఒరుగుతుంది, అందుకని కింద మడిచిన అట్టముక్క పెడతాను. రోజూ సాయంత్రం ఒత్తి వేసి వెలిగిస్తాను. దండం కొన్ని రోజులు పెడతాను. కొన్ని రోజులు పెట్టను.